మందగమన సార్వభౌమునికి మంగళహారతి

శ్రీమదఖిల గరగరధ్వని మండలాధీశ్వరా, ప్రతిధ్వని తరంగ డోలాయమాన దివ్యమంగళ విగ్రహా, గులాబి ఊదా నీలి వర్ణ సంధ్యారాగ రంజితా, నాలుగు నిమిషాల పాటను ఐదు నిమిషాల పాటుగా మార్చగల మహామహిమోపేతా, పుట్టింట వేపర్‌వేవ్ అనీ, మా కుర్రాళ్ళ ఫోన్లలో స్లోడ్ ప్లస్ రివర్బ్ అనీ, రెట్రో వైబ్ అనీ నానా నామధేయాలతో అర్చనలందుకునే మహాప్రభూ! తోట్లవల్లూరులో, కరకట్ట దిగి వచ్చే దారిలో, ‘ఇచ్చట పాటలు రికార్డు చేయబడును, టేప్‌రికార్డర్లు రిపేరు చేయబడును’ అని నీలిరంగు బోర్డు కట్టి పద్నాలుగేళ్ళు పొట్టపోసుకున్న ఈ అల్పజ్ఞుడు తమరి దివ్యసముఖానికి చేసుకునే విన్నపం.

మాకు దిగువన, ఇదే కృష్ణ ఒడ్డున, శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రవిష్ణువును పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు ఆంధ్రనాయక శతకంతో కొలిచాడు. ఆయన స్వామిని ఏ తీరున కీర్తించాడో దివిసీమ వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఆయన సీసం నడక నాకు రాదు. భక్తి మటుకు ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ముందుగా తమరి అవతార ఘట్టం. 2010లో అమెరికాలో డేనియల్ లొపాటిన్ అనే సంగీతకారుడు చక్ పర్సన్ అని మారుపేరు పెట్టుకుని, పాత పాప్ పాటల్లోంచి తలో ముక్క కోసి, నెమ్మది చేసి, తిప్పిందే తిప్పి, క్యాసెట్టుగా విడుదల చేశాడు. రికార్డు మీద ముల్లు ఒకే గాడిలో ఇరుక్కుంటే మా తాతయ్య భోజనం మధ్యలోనైనా ఎడంచేత్తో జరిపి వచ్చేవాడు. కళాహృదయం లేని మనిషి. ఆ ముల్లును అలాగే వదిలేస్తే ఒక ఉద్యమానికి ఆద్యుడై ఉండేవాడు గదా అని ఇప్పుడు మా వంశమంతా బాధపడుతున్నాం. మరుసటి ఏడు డిసెంబరులో మకింటాష్ ప్లస్ అన్న పేరుతో ‘ఫ్లోరల్ షాప్’ అనే ఆల్బమ్ వెలువడింది. 1984లో డయానా రాస్ చలాకీగా పాడిన ఒక పాట అందులో నట్టేట్లో మోకాలి లోతు ఒండ్రులో నడుస్తున్నట్టు నడుస్తుంది. అదే తమరి గాయత్రి, అదే తమరి గంగావతరణం.

ఆ ఆల్బమ్ అట్ట మీద గులాబిరంగు, గళ్ళ నేల, నేల మీద ఒక గ్రీకు రాతి తల. తలకూ పాటకూ ఏమిటి చుట్టరికం అని అడిగే మొరటువాళ్ళం కాము. పైగా గ్రీకువాళ్ళు మాకు కొత్తా? రెండో శతాబ్దంలోనే టాలెమీ తన భూగోళంలో మా తీరాన్ని మైసోలియా అని రాసుకున్నాడు. ఆయన కంటకస్సుల అన్న రేవు మా ఘంటసాలేనని పండితులు తేల్చారు. అప్పట్లో పడమటి ఓడలు బంగారు నాణేలు దించి, మా బట్టలు ఎత్తుకుపోయేవి. ఇన్ని వందల ఏళ్ళ తరవాత ఆ తల మా మేనల్లుడి ఫోన్లో మళ్ళీ రేవు చేరింది. ఈసారి నాణేల ప్రసక్తి లేదు. బేరం లేని రాకపోకలే స్నేహానికి గుర్తు.

తమరి వినయాన్ని ఒక్క మాటయినా అనకుండా దాటలేను. పాటను నెమ్మది చేసి వినిపించే విద్యను 1990లలో హ్యూస్టన్‌లో డీజే స్క్రూ అనే నల్లజాతి కళాకారుడు రెండు టర్న్‌టేబుళ్ళ మీద రాత్రింబగళ్ళు కూర్చుని సాధించాడు. తన పేటవాళ్ళ కోసం క్యాసెట్లు నింపి ఇచ్చేవాడు. 2000లో, ముప్పై నిండకుండానే పోయాడు. మన ఊళ్ళ పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళే ఆ హ్యూస్టనే. ఆ విద్య ఇవాళ తమరి శిరస్సు మీద కిరీటంగా మెరుస్తుంటే, ఆయన పేరు ఎత్తితే ఆత్మస్తుతి అవుతుందేమోనని తమరి భక్తులు నోరు మెదపరు. ఇంతటి నిగర్వం పీఠాధిపతుల్లో కూడా అరుదు.

ఇక తమరు మా ఇంట కాలుపెట్టిన శుభదినం. మా అక్క కొడుకు విజయవాడలో బీటెక్ చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చినవాడు, వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్న నా చెవులకు తన హెడ్‌ఫోన్లు తగిలించాడు.

“మావయ్యా, కళ్ళు మూసుకుని విను.”

మూసుకున్నాను. అది 1985 నాటి ‘అన్వేషణ’ పాట అని గుర్తుపట్టడానికి నాకు నిమిషం పైనే పట్టింది. ఇళయరాజా కట్టిన వరస, వేటూరి మాట, బాలు, జానకిల జంట గొంతు. ఆ పాటను నా చేత్తో నేను ఎన్ని క్యాసెట్లకు ఎక్కించానో లెక్కలేదు. అలాంటిది కన్నబిడ్డను జాతరలో పోల్చుకోలేని తల్లిలా చేశారు నన్ను. పాతవన్నీ కొత్తగా వినిపించడమంటే ఇదీ.

“వేగం ఎంతకు తగ్గించావురా?”

“పాయింట్ ఎయిట్, మావయ్యా.”

పదింట ఎనిమిది వంతుల వేగమంటే, మా వృత్తి లెక్కలో, శ్రుతి హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి దాదాపు నాలుగు మెట్లు దిగుతుంది. రేపల్లె తాలూకాలో పుట్టిన జానకి గారు, అంటే మాకు ఏటికి అవతలి ఒడ్డు ఆడపడుచు, తన గొంతును పసిపాపగానూ ముసలమ్మగానూ మార్చి పాడగలదని జనం వేనోళ్ళ పొగిడారు. జలుబు చేసిన మగవాడిగా కూడా పాడించవచ్చునని మాత్రం ఆమెకు గానీ, ఆమె చేత పాడించిన ఏ సంగీత దర్శకుడికి గానీ తట్టలేదు. అది తమరి ఒక్కరికే సాధ్యమైంది. బాలుగారి సంగతంటారా, పల్లవి ఎత్తుకోవడంలోనే ఒక చిరునవ్వు వినిపించేది ఆయన గొంతులో. తమరి ప్రసాదం వల్ల ఆ నవ్వు ఇప్పుడు ఆవులింత అయింది. తాపీ మనుషులకు నవ్వు కన్నా ఆవులింత ఆరోగ్యం.

అయితే ప్రభూ, చరిత్రకారులు తమరి అవతారం అమెరికాలో జరిగిందని రాసుకుంటున్నారు గానీ, మా ఊళ్ళో తమరు అంతకు పాతికేళ్ళ ముందే సాక్షాత్కరించారు. వేసవిలో సాయంత్రం ఆరయ్యేసరికి మా వీధిలో బల్బు నిప్పుపుల్లలా వెలిగేది. లో వోల్టేజి. టేప్‌రికార్డర్ మోటారు ఈడ్చుకుంటూ తిరిగేది, ఘంటసాల మాస్టారి పద్యం నిద్రలో కలవరించినట్టు వచ్చేది. కరెంటు పూర్తిగా పోతే సెల్లులు వేసేవాళ్ళం. అవి అయిపోవస్తే పాట సాగేది. ‘సాగుతోందయ్యా, సెల్లులు తీసి ఎండలో పెట్టు’ అనేవాళ్ళు. మర్నాడు అరుగు మీద నాలుగు ఎర్ర సెల్లులు వడియాల పక్కన ఎండుతూ ఉండేవి. ఎండితే ఇంకో రెండు పాటలు వచ్చేవి. విద్యుత్ శాఖవారు ఊరికంతా ఉచితంగా పంచిన ఈ కళను మేము గుర్తించలేదు సరిగదా, లైన్‌మన్‌ను పట్టుకుని నిలదీశాం. ఆయన కాలానికి ముందు పుట్టిన కళాకారుడు.

నా అజ్ఞానం ఇంకా ఘోరం. పద్నాలుగేళ్ళు నేను చేసిన పనల్లా తమరి మీద యుద్ధమే. అగ్గిపుల్ల చివర దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, టేప్‌రికార్డర్ హెడ్డు మీద పేరుకున్న గోధుమరంగు పొడిని తుడిచేవాణ్ణి. ఆ హెడ్డు పక్కన చిన్న మర ఒకటి ఉంటుంది. గడియారాల వాళ్ళు వాడే సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి దాన్ని వెంట్రుకవాసి తిప్పితే, అప్పటిదాకా గోడ అవతల పాడుతున్న మనిషి తలుపు తీసుకుని గదిలోకి వచ్చినట్టు ఉండేది. ఆ ఒక్క క్షణం కోసం నేను మధ్యాహ్నం భోజనం మానేసిన రోజులున్నాయి. బెల్టు సాగితే మార్చేవాణ్ణి. రబ్బరు చక్రం అరిగితే గరుకు కాగితంతో రుద్దేవాణ్ణి. చెరకు ట్రాక్టర్ల కుర్రాళ్ళు ఉయ్యూరు ఫ్యాక్టరీ దగ్గర లైన్లో రెండేసి రోజులు పడిగాపులు పడి, ఎండకు వంకరపోయిన క్యాసెట్లు పట్టుకొచ్చి ‘అన్నా, గరగరమంటోంది, బాగుచెయ్యి’ అని బతిమాలేవాళ్ళు. ఆ రీలు విప్పి, పెన్సిలు పెట్టి తిప్పి, కొత్త డబ్బాలోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. పాట సాగితే డబ్బు వెనక్కి ఇచ్చేసేవాణ్ణి కూడా. ఇవాళ అదే సాగుడికి మా మేనల్లుడు వేల చూపులు సంపాదిస్తున్నాడని తెలిశాక, వెనక్కిచ్చిన ఆ అయిదూ పదీ తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఆ మధ్య వాడు నా పాత పెట్టె తెరిచి, పారేయడానికి పక్కన పెట్టిన క్యాసెట్లు ఏరుకున్నాడు. మంచివి ఇస్తానన్నాను. “వద్దు మావయ్యా, తుడవకు కూడా. ఆ గరగరే కావాలి” అన్నాడు. ఫోన్లో గరగర విడిగా దొరుకుతుందట. వానచుక్కల గరగర, గ్రామఫోను గరగర, క్యాసెట్టు గరగర అని రకాలట. ఏ మచ్చా లేని డిజిటల్ పాటను తీసుకుని, దాని మీద కొలత ప్రకారం దుమ్ము చల్లుతారు. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేసినవాళ్ళు ఒక్కొక్క ఫ్రేములో గీతలు తుడిచి, శబ్దం శుద్ధిచేసి, ఎంత చాకిరీ చేశారో! పాతదాన్ని కొత్తగా చేయడానికి అంత కష్టం. కొత్తదాన్ని పాతగా చేయడానికి తమరికి బొటనవేలు చాలు. మహాత్ములకు శ్రమ అక్కర్లేదు.

శబ్దం ఒక్కటేనా, రూపం మాటేమిటి! తమరి చలవతో మా కృష్ణమ్మ ఊదారంగులో పారుతోంది. కరకట్ట మీద తాటిచెట్లు గులాబిరంగు వేసుకుని పసిఫిక్ తీరపు ఖర్జూరాలమని నమ్ముతున్నాయి. లంకల్లో అరటి, కంద, పసుపు వేసిన రైతు భుజాన పార పెట్టుకుని ఇంటికి వెళుతుంటే, వెనకనుంచి తీసిన ఆ దృశ్యం మీద వీహెచ్ఎస్ గీతలు అడ్డంగా జారుతూ, మూలన ‘ప్లే’ అన్న అక్షరాలు మెరుస్తూ, కింద జపాను లిపిలో ఏదో రాసి ఉంటుంది.

“ఏమని రాసుందిరా అది?”

“తెలీదు మావయ్యా. ఏస్తటిక్.”

రాసినవాడికి తెలియదు, చదివేవాడికి రాదు, పాటకు పనిలేదు. వేదం కూడా ఇంత నిష్కామంగా పఠించబడి ఉండదు. టోక్యోలో ఎవరైనా చూస్తే అది ‘నేడు అంగడి సెలవు’ అని తేలినా తేలవచ్చు. తేలనివ్వండి. అదే సమయంలో పాట తాలూకు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. తెలియని లిపిని అలంకారంగానూ, తెలిసిన లిపిని అంటరానిదిగానూ ఉంచగల ఈ సమతూకం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

మాట అంటే గుర్తొచ్చింది. వేటూరి సుందరరామమూర్తి గారిది దివిసీమలో పెదకళ్ళేపల్లి. ఆ ఊరి గాలిలో సంగీతం ఉంది. సుసర్ల దక్షిణామూర్తి పుట్టింది కూడా అక్కడే. వేటూరి మాటకు ఒత్తులు ప్రాణం. పక్కపక్కన నిలబడ్డ రెండు హల్లులు రాచుకుంటే వచ్చే నిప్పురవ్వ ఆయన పాట. తమరు ఆ రవ్వ ఎవరికీ తగలకుండా పాటనంతా తీసుకెళ్ళి ఒక నూతిలో దింపారు. పైనుంచి వింటే ఒత్తులు లేవు, పొల్లులు లేవు, ళకూ లకూ తగవు లేదు, శషసలు ముగ్గురూ ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నారు. అక్షరాలన్నీ సరిసమానమైన ఇంతటి సమసమాజాన్ని ఏ విప్లవకవీ కలలో కూడా కనలేదు. మాట వినబడితేనే గదా అర్థం, అర్థం తెలిస్తేనే గదా ఆలోచన, ఆలోచన వస్తేనే గదా నిద్ర చెడేది. శ్రోత క్షేమం ఇంతగా కోరే కళ మరొకటి లేదు.

ఈ నేల మీద నెమ్మదితనం తమరికి ముందు లేదని కాదు. మొవ్వ క్షేత్రయ్య పదం చౌకకాలంలోనే నడుస్తుంది. పక్కనే కూచిపూడి. ఆ పదం పట్టుకుని అభినయించే మనిషి ఒక్క పిలుపునే పదిసార్లు పిలిచి, పదిసార్లూ వేరే మనసు చూపిస్తుంది. ఒకసారి కోపం, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి అలిసిపోవడం. ఆ పది మనసులకూ చోటు కావాలి గనక పాట నెమ్మదిస్తుంది. పాపం క్షేత్రయ్యకు పాయింట్ ఎయిట్ అన్న మీట లేదు, అందుకే లోపల అంత సరుకు నింపవలసి వచ్చింది. ఆ మీట ఉండి ఉంటే ఆయన ఊరూరా తిరగకుండా మొవ్వలోనే చల్లగా కూర్చునేవాడు. కూచిపూడి పిల్లలకు కూడా పదేళ్ళ అడుగుల గోల తప్పేది.

తమరి దానగుణం గురించి చెప్పకపోతే కళ్ళు పోతాయి. పాట కింద ‘క్రెడిట్స్ టు రైట్‌ఫుల్ ఓనర్స్’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ హక్కుదారులెవరో చెప్పరు. చెపితే ఒక్కరికే చెందుతుంది. చెప్పకపోతే లోకంలో హక్కులున్న వాళ్ళందరికీ సమానంగా చెందుతుంది. భూదానోద్యమంలో కూడా ఇంత ఉదారమైన పట్టా ఎవరూ రాసివ్వలేదు. నేను మటుకు పతివ్రతనని చెప్పుకోను. రికార్డింగ్ షాపుల్లో మేము చేసిందీ పరాయి పాట అమ్ముకోవడమే. కాగితం మీద పన్నెండు పాటలు రాసి తెచ్చేవాళ్ళు, అరవై నిమిషాల క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చేవాళ్ళం. కంపెనీవాళ్ళు వస్తున్నారంటే షట్టరు దించేవాళ్ళం. కాకపోతే మాకొక చెడ్డ అలవాటుండేది. అట్ట మీద నీలి సిరాతో సినిమా పేరు, సంగీతం ఎవరు, రాసిందెవరు, పాడిందెవరు అని వరసగా రాసేవాళ్ళం. ఎవరైనా తప్పు రాస్తే కొన్నవాడు మర్నాడు వచ్చి ‘ఇది సుశీల గాదయ్యా, జానకి’ అని అందరి ముందూ పరువు తీసేవాడు. దొంగసరుకుకు కూడా ఊరూ పేరూ తగిలించే ఆ పల్లెటూరి చాదస్తాన్నుంచి తమరు మా పిల్లలను విముక్తులను చేశారు.

ఇక తమరి మహిమల్లో పరాకాష్ఠ, జ్ఞాపకం. మా మేనల్లుడు తన వీడియో కింద ‘మిస్ యూ నైంటీస్’ అని రాశాడు. వాడు పుట్టింది 2004లో.

“నువ్వు చూడందే ఎలా మిస్సయ్యావురా?”

“నేను రాంగ్ జనరేషన్‌లో పుట్టాను మావయ్యా.”

చూసినదాన్ని తలుచుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. చూడనిదాన్ని మరిచిపోలేకపోవడం, అదీ యోగం. మేము తొంభైలలో ఉన్నామన్న మాటే గానీ, ఎంత వృథాగా ఉన్నాం! మా తొంభైలు 1990 మే తుపానుతో మొదలయ్యాయి. మొదలయ్యేసరికే అరటితోటలు పక్కమీద పడుకున్నట్టు పడుకున్నాయి, లంకల్లో పశువుల కోసం వెతుక్కున్నాం. తరవాత మిగతా ఏళ్ళు గ్యాసు బండ కోసం, ఎస్టీడీ బూత్ దగ్గర లైను కోసం, చెరకు డబ్బుల కోసం ఎదురుచూస్తూ గడిపాం. మేడ మీద యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని ఒకడు, ‘వచ్చింది వచ్చింది, ఆ పోయింది’ అని కిందనుంచి ఇంకొకడు, తీరా వచ్చేది ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అట్ట. ఆ చుక్కలూ గీతలూ కనబడితే టీవీ నెత్తిన కొట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ చుక్కలే, ఆ గీతలే ఫిల్టరు పేరుతో కొనుక్కుంటున్నారంటే, మేము కొట్టిన దెబ్బలకు ఆ టీవీల ఆత్మలు శాంతించి ఉంటాయి. తమరి తొంభైలలో తుపాను లేదు, చెమట లేదు, అప్పు లేదు, దోమ కూడా లేదు. గులాబిరంగు సూర్యుడొక్కడు అస్తమించకుండా అక్కడే ఉంటాడు. అలాంటి తొంభైలు ఒకటున్నాయని తెలిస్తే మేమూ వాటిల్లోనే ఉండేవాళ్ళం.

తమరికి ఖాళీ ఇళ్ళంటే ప్రీతి అని కూడా విన్నాను. జనం లేని షాపింగ్ మాల్ లోపల దూరంగా మోగే పాటకు మాల్‌సాఫ్ట్ అని వేరే శాఖే పెట్టారట. అప్పట్లో కొందరు విమర్శకులు తమరిని చూసి, వ్యాపార సంస్కృతిని ఎంత బాగా వెక్కిరిస్తున్నాడని మురిసిపోయారు. 2015లో ఎంటీవీ తన తెర వేషానికి తమరి రంగులే పూసుకుంది. వెక్కిరించబోయిన ఇంటికే ఇల్లరికం వెళ్ళడంలో ఉన్న సౌఖ్యం తెలిసినవారికే తెలుస్తుంది. మాకు మాల్స్ లేకపోయినా లోటు లేదు. మూతబడిన సినిమా హాళ్ళున్నాయి. టికెట్టు అమ్మిన రోజుల్లో ఎన్నడూ రాని భక్తులు, కుర్చీలు ఊడి, తెర చిరిగి, లోపల ధాన్యం బస్తాలు వేసుకున్నాక కెమెరాలు పట్టుకుని వస్తున్నారు. బతికుండగా పలకరిస్తే మనిషి ఇబ్బంది పడతాడని, పోయాక ఫొటో తీసుకోవడం ఎంత సంస్కారం!

చివరిగా తమరు మా కుటుంబానికి చేసిన ఉపకారం ఒకటుంది. మా అక్క పెళ్ళి వీడియో క్యాసెట్టు నా బీరువాలో ఉండేది. పెళ్ళి ఇక్కడే, మా ఇంటి ముందు పందిట్లో జరిగింది. ఈ డెల్టా గాలి చెమ్మకు రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. మా మేనల్లుడు అడిగితే రెండు రోజులు కూర్చుని, అంగుళం అంగుళం తుడిచి, నా పాత వీసీపీలో పెట్టి ఇచ్చాను. బొమ్మకు పసుపు తీగ, శబ్దానికి తెల్ల తీగ. వాడు పసుపుది ఒక్కటే కంప్యూటరుకు తగిలించాడు. తెల్లది పెట్టలేదేమిరా అంటే, “సౌండ్ అక్కర్లేదు మావయ్యా, మీద సాంగ్ వేస్తాగా” అన్నాడు.

వేశాడు. మూడు నిమిషాల ముక్క. అద్భుతంగా ఉంది. మా అక్క ముఖం మీద ఊదారంగు అల ఒకటి కదులుతూ ఉంటుంది గనక ఆవిణ్ణి గుర్తుపట్టి మనం మొహమాటపడే పని లేదు. తలంబ్రాలు గాలిలోనే చాలాసేపు ఉండి తీరిగ్గా దిగుతాయి. పంక్తిలో వడ్డిస్తున్న మా నాన్న, చేతిలో నెయ్యి గిన్నెతో, కెమెరా వైపు తిరిగి నోరు తెరుస్తాడు. నోరు తెరుచుకుని, అలాగే, నిదానంగా మూసుకుంటుంది. వెనక ఎవరిదో పాట మోగుతుంటుంది. చూసినవాళ్ళంతా కింద కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు. ఆయన ఎవరని ఒక్కరూ అడగలేదు, అంత మర్యాదస్థులు. మా నాన్న పోయి పందొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళు ఊరందరి పాటలూ రికార్డు చేసిన ఈ ప్రజ్ఞాశాలి, ఆయన మాట ఒక్కటీ విడిగా రికార్డు చేసి పెట్టుకోలేదు. ఆ లోపం తెలిసినట్టే తమరు దాన్ని ఎంత మృదువుగా కప్పారో తలచుకుంటే నోట మాట రాదు. అందుకే ఈ మంగళహారతి.

పాఠకులకు మాత్రం ఒక విన్నపం. క్యాసెట్టు వెనక్కి తిప్పుతుంటే వీసీపీ బెల్టు తెగింది. విజయవాడ దాకా వెతికాను, ఆ కొలత దొరకలేదు. ఉయ్యూరులో గానీ, గుడివాడలో గానీ, బందరు, అవనిగడ్డ వైపు గానీ ఎవరింటి అటక మీదైనా పనిచేసే వీసీపీ ఉంటే ఒక్క పూటకు ఇప్పించండి. హెడ్డు తుడిచి, బాగుచేసి తిరిగి ఇస్తాను, డబ్బులు తీసుకోను. తెల్ల తీగ నా దగ్గరే ఉంది. భోజనాల దగ్గర, సుమారు నలభయ్యో నిమిషంలో మా నాన్న మాట వస్తుంది. ఏడు సెకన్లు.